కాచుకున్న గంటల లెక్క

సెతూబల్‌లో మాకు గడియారాలు అక్కర్లేదు.
ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో సైరన్.
మాది బొంగురు గొంతు, రెండుసార్లు దగ్గి ఆపేది.
అర్ధరాత్రి పడవలు చేప తెచ్చాయంటే చాలు,
నిద్రలోనే చెప్పుల్లో కాళ్లు దూర్చేవాళ్లం.

పరుగెత్తుకెళ్తే అక్కడ చేప ఉండదు.
రేవులో వేలం తెగలేదనో, బండి రాలేదనో
గోడకి ఆనుకుని గంట, రెండు గంటలు,
ఒక్కోసారి తెల్లారేదాకా.
బల్ల మీద మొదటి సార్డీన్ పడ్డాకే
మా కూలి పుట్టేది.

దెయోలిందా ఫర్రూష్కుకి అప్పుడు పందొమ్మిదేళ్లు.
చేపల తలలు కోయడంలో మా అందరికన్నా నిదానం.
ఓ రోజు ఫోర్‌మన్‌ని ఆపి అడిగింది,
దారి అడిగినంత మామూలుగా:
"సైరన్‌కీ చేపకీ మధ్య ఉన్న గంటలు ఎవరివి?"
అతను నవ్వాడు. మేమూ నవ్వాం.
తను పెన్సిల్ ముక్క తీసి
డబ్బా లేబుల్ వెనక రాసుకుంది:
మంగళవారం. రెండుంబావు నుంచి నాలుగూ నలభై.
అరవై ముగ్గురం.

మా సంఘం పుట్టింది ఆ లేబుల్ మీదే.
జెండా లేదు, ఆఫీసు లేదు. ఆ రోజుల్లో
నలుగురు కలిసి నిలబడితేనే నేరం.
అందుకని లేబుళ్లు చేతులు మారేవి,
పిండి డబ్బాల్లో, పసిపిల్లల దుప్పట్లలో.

సమ్మె పదకొండో రోజున నేను లోపలికెళ్లాను.
చిన్నాడికి కోరింత దగ్గు, ఇంట్లో రొట్టె లేదు
అని చెప్పుకోవచ్చు.
ఎవరింట్లో ఉంది గనక?
గేటు దగ్గర ఆడవాళ్లు ఉమ్మారు.
దెయోలిందా నా మొహం చూడలేదు,
నా చెప్పులు చూసింది.

ఆ రాత్రే తనని పట్టుకెళ్లారు.
నేనేం చెప్పలేదు.
ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు.

పందొమ్మిది నెలల తర్వాత, పై పళ్లు రెండు లేకుండా
మా తలుపు కొట్టింది.
నా గుండె నోట్లోకొచ్చింది.
కుర్చీ లాక్కుని కూర్చుని, నోటుబుక్కు నా ముందుకి తోసి,
"ఎర్మీనియా, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.
ఇకనుంచి లెక్క నువ్వు రాయి.
ముందు నీ చందా కట్టు.
పందొమ్మిది నెలలు బాకీ," అంది.

కట్టాను. విడతలుగా, మూడేళ్లు పట్టింది.

తర్వాత ఆ ఏప్రిల్ వచ్చింది.
తుపాకుల్లో పూలు అందరూ చూశారు.
దెయోలిందా చూసింది
యజమాని గది తలుపుకి గొళ్లెం లేకపోవడం.
లిస్బన్ లాయరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.
తను పిండి డబ్బా బోర్లించింది.
బల్లంతా లేబుళ్లు,
ఇరవై రెండేళ్ల రాత్రుళ్లు,
ఇంకా నూనె వాసన కొడుతూ.

రాత్రంతా బేరం. తెల్లారి తేలింది:
కాచుకున్న గంటకి సగం కూలి.
సంతకం పెట్టింది.
అమ్ముడుపోయిందన్నారు, ఆవిణ్ణి, మా వాళ్లే.
కిటికీ మీద ఎవరో చేప పేగులు విసిరారు.
తుడుచుకుంటూ అంది, "సగం నిజమేగా.
మిగతా సగానికి రేపు మళ్లీ వెళ్దాం."

ఆ రేపు పదేళ్లు సాగింది.
ఓ సోమవారం సైరన్ దగ్గనే లేదు.
యంత్రాలు మొరాకో వెళ్లాయన్నారు.
ఎవరిని అడగాలి మిగతా సగం?
తను అడిగింది. పింఛను ఆఫీసుల్లో, కిటికీ కిటికీకీ,
ఒక్కొక్కరి పేరు మీద, నా గుండ్రటి అక్షరాలు చూపించి.
నలభై ఒక్కమందికి వచ్చింది.
నాకు రాలేదు. సమ్మెలో పోగొట్టుకున్న నెలలు
నా లెక్కలోనే తక్కువ పడ్డాయట. నవ్వొచ్చింది.

మొన్న గురువారం శ్మశానం దగ్గర
పాదిరీ ఆలస్యమయ్యాడు.
పెట్టె నేల మీద. రేవు మీంచి గాలి.
ముసలివాళ్లం, గోడకి ఆనుకున్నాం అలవాటుగా.
సంచీలో పెన్సిల్ వెతికాను.

పదీ ఐదు నుంచి పదీ నలభై ఐదు.
ఇరవై ఆరుగురం.
ఆగి, కొట్టేసి,
ఇరవై ఏడుగురం అని రాశాను.